అల్లం గది గొళ్ళెం

జహీరాబాద్,
12–6–1983

తమ్ముడు సంగప్పకు,

నీ ఉత్తరం అందింది. పోయిన దసరాకు ఒకటి రాశావు, మళ్ళీ ఇప్పుడు. మధ్యలో అక్క ఉందో పోయిందో నీ కరెంటు ఆఫీసులో ఎవరినడిగి తెలుసుకున్నావో చెప్పు. సరే, రాసినందుకు సంతోషమే. మరదలు మహాదేవమ్మకు, సుమంగళకు నా దీవెనలు.

మా చెన్నబసప్పకు ఇరవై నిండాయి. పుట్టినప్పుడు దవాఖానలో డాక్టరు వాడి కళ్ళూ అరచేతి గీతా చూసి చెప్పిన మాట నీకు గుర్తుందా? మాట ఆలస్యంగా వస్తుంది, బుద్ధి నెమ్మదిగా పెరుగుతుంది, దీనికి మందు లేదు అన్నాడు. అన్నట్టే అయింది. కానీ మీసం మాత్రం వేళకు వచ్చింది. వారానికోసారి మీ బావ కూర్చోబెట్టి గీస్తారు. వాడు నురగ నాకకుండా నేను చేతులు పట్టుకోవాలి.

ఇంటికి ఎవరొచ్చినా పరుగెత్తి కౌగిలించుకునే అలవాటు ఇంకా పోలేదు. మొన్న షోలాపూర్ నుంచి వచ్చిన అల్లం సేటు వాడి చేతికి చిక్కాడు. సేటుది తెల్ల ధోవతి, వీడివి పెరుగన్నం చేతులు. బేరం ముగిసి లారీ కదిలాక మీ బావ వాడిని వెనక అల్లం గదిలోకి తోసి, బయట గొళ్ళెం పెట్టారు. "గిరాకులు వొచ్చినప్పుడు వీడు కండ్లవడొద్దు" అన్నారు. ఆ రోజు నుంచి అదే వాడుకైపోయింది. లారీ చప్పుడు వినబడితే వాడు లోపలికి, లారీ పోతే బయటికి. నా బతుకూ అంతే తమ్ముడూ. వాడు లోపల ఏడుస్తుంటే నేను గొళ్ళెం దగ్గర కూర్చుని మాట్లాడుతూ ఉంటాను. ఒక పెళ్ళికి పోయింది లేదు, ఒక పేరంటానికి పోయింది లేదు.

ఇటువంటి పిల్లలకు పని నేర్పే చోటు మీ దగ్గర ఉందని, వాడిని మీ ఇంట్లోనే ఉంచుకుంటానని, ఖర్చంతా నీదేనని రాశావు. మీ బావకు చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నారు. విని, గోనెలు కుట్టుకోవడానికి పోయారు. సాయంత్రం కాళ్ళు కడుక్కుంటూ, "మేనమామ తనంతట తానే పిలుస్తున్నడు గదా, పంపుదాం" అన్నారు. దేనికీ ఒప్పుకోని మనిషి ఇంత తొందరగా ఒప్పుకుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

వచ్చే సోమవారం తండ్రీకొడుకులిద్దరూ వస్తారు. సుమంగళకు ఒక ఆకుపచ్చ చీర, గాజులు, కొబ్బరి కుడుకలు, చక్కెర పంపుతున్నాను. వేరే ఎవరి చేతా కాదు, నీ చేత్తోనే పిల్లకు ఇవ్వు. చెన్ను పాలలో అల్లం వేస్తేనే తాగుతాడు. గొళ్ళెం చప్పుడు వాడికి పడదు. తలుపు ఊరికే దగ్గరికి వేస్తే చాలు.

మీ అక్క,
గిరిజ


హైదరాబాద్,
20–8–1983

అక్కకు, బావగారికి నమస్కారాలు.

ఆలస్యానికి తిట్టు, పడతాను. కానీ ముందు మీ కొడుకు సంగతి విను.

నల్లకుంట దాటాక ఒక పాత బంగళాలో ఉంది పని నేర్పే ఆ కేంద్రం. ఒక గదిలో కొవ్వొత్తులు, ఒక గదిలో మగ్గం, వెనక రేకుల షెడ్డులో బేకరీ. చెన్నును బేకరీలో పెట్టారు. నేర్పే ఆవిడ పేరు రఫియా. మనిషి సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం పోలీసుది. "దీని పేరు డౌన్స్ సిండ్రోమ్. ఇది రోగం కాదండీ, వీళ్ళ పుట్టుకే ఇంత. నయం చేస్తానని నేను చెప్పను. పని నేర్పుతానని చెప్తాను" అంది మొదటిరోజే.

మొదట్లో వాడు అన్నం ముట్టలేదు. గేటు పట్టుకుని "అవ్వ, అవ్వ" అని నీ కోసం ఒకటే ఏడుపు. ఆవిడ వాడి ముందు ఇంత పిండిముద్ద పెట్టి వెళ్ళిపోయింది. ఏడుస్తూనే పిసికాడు. పిసుకుతూ ఏడుపు మరిచాడు. ఇప్పుడు ఎప్రాన్ కట్టుకోకుండా షెడ్డులో అడుగు పెట్టడు. చేతులు కడుక్కోనిదే ట్రే ముట్టడు. ఏ పనైనా సరిగ్గా చేస్తే అక్కడ అందరూ చప్పట్లు కొడతారు. ఆ చప్పట్ల కోసం మా ఇంట్లో నీళ్ళ చెంబు అందించినా నా చేతులకేసి చూస్తాడు. కొట్టేదాకా కదలడు.

కౌగిలింతలు మాన్పించింది రఫియా మేడమ్. ఎవరొచ్చినా రెండు చేతులు జోడించి "నమస్తే, రండి" అనాలి, అంతే. వాడికి ఇదొక ఆటైపోయింది. పాలవాడికి నమస్తే, పక్కింటి ముసలాయనకు నమస్తే, గోడ మీది పిల్లికి కూడా నమస్తే.

చీర సుమంగళకు ఎంత నప్పిందో! నేనే చేతికిచ్చాను, నువ్వు చెప్పినట్టే. పంచమి రోజు కట్టుకుని, ఆ గాజులు వేసుకుని వీధంతా తిరిగింది. "మీ అక్కకు కోడలే కనబడింది గానీ నేను కనబడలేదా" అని మీ మరదలు మూతి ముడిచింది. నీ మరదలు ఓరుగల్లు వైపు మనిషి, మన వైపు పెట్టుపోతలు తెలియవు, ఏమీ అనుకోకు.

నీ తమ్ముడు,
సంగప్ప


జహీరాబాద్,
9–10–1983

తమ్ముడు సంగప్పకు,

పిల్ల చీర కట్టుకుందని రాశావే, ఆ ముక్క మీ బావ నా చేత మూడుసార్లు చదివించుకున్నారు. పంచమినాడే కట్టుకుందా, గాజులు కూడా వేసుకుందా అని అడిగి మరీ విన్నారు. అప్పటి నుంచి మనిషి మారిపోయారు. మఠానికి పోతున్నారు, అందరితో నవ్వుతూ మాట్లాడుతున్నారు. "మా పిలగాడు మేనమామ ఇంట్ల ఉన్నడు, దవాఖాన ఇలాజ్ నడుస్తుంది, మంచిగైతుండు" అని బజారులో చెప్పుకుంటున్నారట. రఫియా మేడమ్ అన్న మాట నేను గుర్తుచేస్తే, "దవాఖానోళ్ళు గట్లనే అంటరు" అన్నారు. ఇన్నేళ్ళకు ఇంట్లో నవ్వు వినబడింది. నేనెందుకు చెడగొట్టాలి?

నా సంగతి అడగలేదు గానీ చెప్తాను. వాడు పోయాక నాకు ఎక్కడికంటే అక్కడికి పోయే వీలుంది కదా. మొగుడంపల్లిలో బస్వమ్మ చిన్నమ్మ మనవరాలి తొట్టెల పండక్కి తయారై, చీర మార్చుకుని, తీరా చూస్తే అల్లం గది ముందు కూర్చుని ఉన్నాను. లోపల ఎవరూ లేరు. అయినా లేవబుద్ధి కాలేదు. నవ్వకు.

సుమంగళను జాగ్రత్తగా చూసుకో. ఇంటర్ అయ్యాక ఇంకా చదువులెందుకు పిల్లకు? మీ ఇద్దరికీ ఒక గోనెడు అల్లం పంపుతున్నాను. వాడు అవ్వను అడుగుతున్నాడా, మరిచాడా?

మీ అక్క,
గిరిజ


హైదరాబాద్,
22–1–1984

అక్కకు,

మరవలేదు. రోజూ పడుకునేటప్పుడు "అవ్వ బస్సు ఎప్పుడు?" అంటాడు. ఎండాకాలంలో అంటే ఊరుకుంటాడు.

ఒక విషయం చెప్తే నువ్వు కూర్చున్నచోటు నుంచి లేస్తావు. వాడు ఒక్కడే సిటీ బస్సెక్కి పోయి వస్తున్నాడు. సుమంగళ నెల రోజులు వెంట తిరిగి నేర్పింది. బస్సు ముందు రాసిన అంకె చూసి, టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకుని, కండక్టరుకు నమస్తే పెట్టి ఎక్కుతాడు. దిగే చోట వేపచెట్టు కింద ఇస్త్రీబండి గుర్తు. ఇస్త్రీ అతను ఒకరోజు బండి పెట్టలేదు. ఆ రోజు మాత్రం డిపో దాకా పోయి డ్రైవరు పక్కన టీ తాగుతూ దొరికాడు.

ఇంకొకటి. ఒక పెద్ద ఆఫీసు క్యాంటీన్ వాళ్ళు కేంద్రానికి వచ్చి పిల్లలను చూసిపోయారు. జూన్ నుంచి మన వాడిని తీసుకుంటామన్నారు. నిజం ఉద్యోగం అక్కా. యూనిఫాం ఇస్తారు, అందరితో కలిసి భోజనం. నువ్వు చూస్తే గుర్తుపట్టవు. మా ఇంట్లో మనిషైపోయాడు. సుమంగళ ఇంటికి రానిదే అన్నానికి కూర్చోడు.

పిల్లకు చదువెందుకని రాశావు, నన్ను ఉడికించడానికే అని తెలుసు. దానికి నర్సింగు చదవాలని ఉంది. చెన్నుతో తిరిగి తిరిగి అదే పట్టు పట్టింది. ఈ డబ్బాలో బిస్కెట్లు వాడు చేసినవే. అడుగున కొన్ని మాడాయి. అవి బావకు ఇమ్మన్నాడు, అప్పకు గట్టివి ఇష్టమట.

సంగప్ప


జహీరాబాద్,
18–3–1984

తమ్ముడికి,

బిస్కెట్లు మఠంలో పంచారు మీ బావ. మాడినవి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, దాచుకుని చాయ్‌లో ముంచుకుని తిన్నారు.

ఇక శుభం మాట. మఠం అయ్యగారు వైశాఖంలో మంచి రోజు చూసి చెప్పారు. పెళ్ళి ఇక్కడే చేద్దామని మీ బావ అంటున్నారు. ఆడపిల్లవాళ్ళమని నువ్వేమీ సర్దుబాట్లు చేసుకోవద్దు, ఖర్చు మాది. పెళ్ళయ్యాక ఇద్దరూ మీ దగ్గరే ఉండి వాడు ఉద్యోగానికి పోయినా సరే, ఇక్కడికి వచ్చినా సరే, నీ ఇష్టం. నర్సింగు సంగతి మాత్రం మానిపించు, మీ బావకు నచ్చదు. నాలుగు రోజుల ముందుగా మీరంతా వచ్చేయండి.

తమ్ముడూ, నువ్వు నా కడుపు చల్లగా చూశావు. నేను పోయాక వాడి మూతి తుడిచేది ఎవరని ఇరవై ఏళ్ళు నిద్రపోలేదు. ఇప్పుడు పడుకుంటున్నాను.

మీ అక్క,
గిరిజ


హైదరాబాద్,
24–3–1984

అక్కా,

నీ ఉత్తరం మీ మరదలు చేతిలో పడింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పొయ్యి వెలిగించలేదు.

ఎవరి పెళ్ళి? ఎవరితో? నేనెప్పుడు అన్నాను? చెన్నును తెచ్చుకున్నది వాడు నా మేనల్లుడు కాబట్టి. అల్లుడిని చేసుకోవడానికి కాదు. సుమంగళకు పదిహేడేళ్ళు. అది వాడికి బస్సు నేర్పింది, చేతి గుడ్డ ఉతికింది, దగ్గితే కషాయం కాచింది. దానికి మీరిచ్చే బహుమతి ఇదేనా? వాడిని అడిగారా ఎవరైనా? వాడికి పెళ్ళంటే లడ్డూ. మొన్న పక్కింటి పెళ్ళిలో పందిరి కింద నిలబడి వచ్చిన వాళ్ళందరికీ నమస్తే పెట్టి, అది తన ఉద్యోగమనుకున్నాడు.

వాడు నయం కాలేదక్కా. కాడు. పని నేర్చుకున్నాడు. ఈ రెండూ వేరని బావకు ఎవరు చెప్పాలి? నువ్వే చెప్పాలి. ఇది జరగదు. చెన్ను మాత్రం ఎప్పట్లాగే మా ఇంట్లోనే ఉంటాడు, జూన్‌లో ఉద్యోగంలో చేరతాడు.

సంగప్ప


జహీరాబాద్,
20–4–1984

సంగప్పకు,

నా మరదలు నా ఉత్తరం విప్పితే, మీ బావ నీ ఉత్తరం విప్పించారు. మఠంలో చదివించుకున్నారు, అందరి ముందు. నేరుగా బస్టాండుకు పోయి హైదరాబాద్ బస్సెక్కారు. మీ ఇంటికి రాలేదని నాకు తర్వాత తెలిసింది. సాయంత్రం వాడిని తీసుకొచ్చారు. వాడి ఒంటి మీద ఎప్రాన్, మోచేతుల దాకా మైదా. దారిలో బస్సులో అందరికీ నమస్తే పెట్టాడట.

నువ్వు అడిగావు, ఎప్పుడన్నానని. నువ్వు హైదరాబాద్ పోయి మన వైపు అంతా మరిచిపోయావు. ఇంట్లో ఎదిగిన పిల్ల ఉండగా మేనమామ మేనల్లుడిని పిలిపించుకుని తన ఖర్చుతో పెట్టుకుంటే దాని అర్థమేమిటి? ఆకుపచ్చ చీర, గాజులు, కుడుకలు, చక్కెర పంపితే దాని అర్థమేమిటి? నీ చేత్తో పిల్లకిచ్చావు. పిల్ల పంచమికి కట్టుకుంది. మన అవ్వను మన అప్పకు అడిగింది అట్లాగే కదా? నేను దొంగతనం చేయలేదు. నువ్వు పిలిచావు, నేను పంపాను. ఇప్పుడు అందరి ముందూ మీ బావ తల వంచుకుని నడుస్తున్నారు.

కోపం రాశాను, ఇక ఉన్నది రాస్తాను. సుమంగళ గురించి నేను ఆలోచించలేదు. నాకు నా కొడుకు తప్ప ఎవరూ కనబడలేదు. పిల్ల ముఖం తలుచుకుంటే సిగ్గేస్తోంది.

వాడు మళ్ళీ అల్లం గదిలోనే. కానీ ఇదివరకటి లెక్క వేరు. అప్పుడు కాసేపు ఏడ్చి, అల్లం కొమ్ములతో ఆడుకుని పడుకునేవాడు. ఇప్పుడు తెల్లారగానే స్నానం చేసి, డబ్బా చంకన పెట్టుకుని, "అవ్వా, బస్ టైమ్" అని తలుపు దగ్గర నిలబడతాడు. ఎంతసేపైనా నిలబడతాడు. లారీ వచ్చి గొళ్ళెం పడితే లోపల నుంచి తలుపు మెల్లగా తడుతూ, "నమస్తే, తెరువు. నమస్తే, తెరువు" అంటాడు. అరవడు. మీరే నేర్పారు కదా అరవకూడదని. ఆ మాట విని తట్టుకోవడం నా వల్ల కావడం లేదు. తలుపు అవతల లోకం ఉందని వాడికి తెలియనప్పుడే నయం. మంచి చేశావో చెడు చేశావో నువ్వే చెప్పు.

గిరిజ


హైదరాబాద్,
6–5–1984

అక్కకు,

ఆ సాయంత్రం చెన్ను బస్సు దిగకపోతే సుమంగళ చీకటి పడేదాకా ఇస్త్రీబండి దగ్గరే నిలబడింది. నేను డిపోలు తిరిగాను. కేంద్రానికి పోతే వాచ్‌మన్ చెప్పాడు, వాళ్ళ నాన్న వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడని. ఒక్క కబురు చెప్పి ఉంటే బావ సొమ్మేం పోయేది?

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. చీర సంగతి నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు. మన అవ్వ పెట్టె అడుగున ఉన్న ఆకుపచ్చ చీర ఇప్పుడు గుర్తొస్తోంది.

వాడిని మళ్ళీ పంపమని రాయాలని కలం పట్టుకున్నాను. మహాదేవమ్మ ఒప్పుకోవడం లేదు. "పిల్లకు పెండ్లి ఖాయమైందని మీ వాళ్ళంత చెప్పుకుంటున్నరు. మళ్ళ వాడు మన గడప తొక్కితే ఇగ మన పిల్ల పేరు ఏమైతది?" అంటోంది. ఆమె మాటా తీసేసేది కాదు. సుమంగళ మాత్రం వాడి ఎప్రాన్ రెండోది ఉతికి, మడిచి పెట్టింది. నేను ఎటూ కదల్లేకుండా ఉన్నాను. క్యాంటీన్ వాళ్ళు జూన్ దాకా చూసి వేరే పిల్లవాడిని తీసుకుంటారట.

రఫియా మేడమ్‌కు అంతా చెప్పాను. ఆవిడ నన్ను కోప్పడలేదు. "ఓవెన్ హైదరాబాదులోనే ఉంటదా? వాళ్ళ ఊళ్ళో బేకరీ లేదా?" అంది. మీ బస్టాండు దగ్గర హఫీజుద్దీన్ బేకరీ ఉంది కదా. తానే వచ్చి మాట్లాడతానంటోంది. బావను ఒప్పించడం నీ వంతు. నా మాట ఇప్పుడు ఆయన వినరు.

సంగప్ప


జహీరాబాద్,
29–7–1984

తమ్ముడికి,

మీ రఫియా మేడమ్ వచ్చి పోయింది. ఎండలో బస్సు దిగి, మంచినీళ్ళు కూడా తాగకుండా హఫీజుద్దీన్ ముందు కూర్చుంది. ఆయన మొదట, "పిలగాడు భట్టీల చెయ్యి గిట్ల పెడితే నా గతేంది?" అన్నాడు. లోపల నుంచి ఆయన భార్య గౌహర్ బేగం పరదా పక్కకు జరిపి, "జర చూడున్రి ముందుగాల, తర్వాత ఫికర్ జెయ్యున్రి" అంది. చెన్నుకు పిండి ఇచ్చారు. ఉండలు చేశాడు. అన్నీ ఒక్క తీరుగా లేవు, రెండు మూడు తలకాయలంత వచ్చాయి. మేడమ్ పక్కన నిలబడి మళ్ళీ చేయించింది. వారం రోజులు ఇక్కడే ఎవరో చుట్టాలింట్లో ఉండి, రోజూ వచ్చి, హఫీజుద్దీన్‌కు కూడా నేర్పింది, ఒక్కసారి ఒక్క పనే చెప్పాలని. ఆఖరుకు ఆయన ఒప్పుకున్నాడు.

మీ బావే ఒప్పుకోలేదు. "కోడిగుడ్లు పగలగొట్టే కాడ లింగం కట్టినోడు పనిజేస్తడా? సాయిబు దుకాణంల చెన్నబసప్ప పావ్ రొట్టెలు అమ్ముతుండని నా ముంగట అంటరు" అన్నారు. నేను పొయ్యి మూసేశాను. జీవితంలో మొదటిసారి. "అయితే వాడితోపాటు నన్నూ అల్లం గదిలో పెట్టి గొళ్ళెం పెట్టు" అని వెళ్ళి లోపల కూర్చున్నాను. రెండు పూటలు మీ బావ కూడా తినలేదు.

చివరికి ఒక షరతు పెట్టారు. "పొద్దు పొడవకముందే ఎనుక గల్లీల నుంచి పోవాలె. ఎనుక భట్టీ కాడనే ఉండాలె. ముంగటికి రావొద్దు. ఎవ్వని కొడుకంటే చెప్పొద్దు." నేను ఒప్పుకున్నాను. ఏం చేయను? వాడికి నేనే నేర్పాను, "అక్కడ అప్ప కనబడితే అప్ప అనొద్దు" అని. రఫియా మేడమ్ పద్ధతిలోనే, ఒక్క మాట, పదిసార్లు. నేర్చుకున్నాడు. గుడ్లు ముట్టనివ్వనని గౌహర్ బేగం మాటిచ్చింది.

మీ అక్క,
గిరిజ


హైదరాబాద్,
12–8–1984

అక్కకు,

గెలిచావు. ఉత్తరం బిగ్గరగా చదివితే మహాదేవమ్మ కూడా కళ్ళు తుడుచుకుంది. సుమంగళ ఎప్రాన్ పార్సిల్ చేసింది, చేరిందా? దానికి నర్సింగులో సీటు వచ్చింది. వెనక తలుపైతేనేం, ముందు తలుపైతేనేం, వాడు పనిలో పడ్డాడు, అదే చాలు.

ఒకటే అడగాలి. గిరాకులు వస్తే నమస్తే పెడుతున్నాడా? కేంద్రంలో అందులో వాడిని మించినవాడు లేడు.

సంగప్ప


జహీరాబాద్,
2–12–1984

తమ్ముడికి,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళు జవాబు రాయలేదు. గెలిచావు అన్నావు కదా, దానికి ఏం రాయాలో తెలియలేదు.

వాడు చీకట్లో పోతాడు, వెనక గల్లీలో నుంచి. భట్టీ దగ్గర ట్రేలు తుడుస్తాడు, ఉండలు చేస్తాడు. ఊరు లేచేలోపు తిరిగి వస్తాడు. నమస్తే పెట్టడానికి అక్కడ గోడ తప్ప ఎవరూ లేరు. ఇంటికి వచ్చాక లారీ చప్పుడు వినబడితే ఎవరూ చెప్పకుండానే లేచి అల్లం గదిలోకి పోతాడు. లోపల నుంచి తలుపు దగ్గరికి లాక్కుని, "అవ్వా, గొళ్ళెం" అంటాడు. అదీ ఒక పని అనుకున్నాడు. నేనే పెడుతున్నాను తమ్ముడూ, నా చేత్తో.

నిన్న ముసురు పట్టింది. హఫీజుద్దీన్ దుకాణంలో ముందు పనిచేసే మనిషి రాలేదు. ఆయన మరిచిపోయి చెన్నును పావ్ ట్రే ముందుకు తెమ్మన్నాడు. అక్కడ బల్ల దగ్గర మీ బావ, షోలాపూర్ సేటు చాయ్ తాగుతున్నారు. లారీకి అల్లం ఎక్కించడం కాలేదని సేటు ముందు రాత్రి ఊళ్ళోనే ఉండిపోయాడు. వీడు ట్రే దించి, రెండు చేతులు జోడించి, "నమస్తే, రండి" అన్నాడు. సేటు వీడిని తేరిపార చూసి, "ఈ పిలగాన్ని ఎక్కడనో జూసిన" అన్నాడట. మీ బావ, "ఎవడో ఏమో సేట్, హఫీజ్ కాడ పనోడు" అన్నారట. వీడు ఒక్క మాట అనకుండా ఖాళీ ట్రే తీసుకుని లోపలికి పోయాడు.

ఇదంతా హఫీజుద్దీన్ మధ్యాహ్నం ఇంటికి వచ్చి చెప్పాడు. "తప్పు నాదమ్మా, నేనే ముంగటికి పిలిచిన. పిలగాన్ని ఏమనకున్రి" అని చేతులు పట్టుకున్నంత పనిచేశాడు.

ఆయన పోయాక చెన్ను నా దగ్గరికి వచ్చాడు. ముఖమంతా వెలిగిపోతోంది. నా చెవి దగ్గర మెల్లగా, "అవ్వా, నేను చెప్పలే. అప్ప అని చెప్పలే" అన్నాడు. అని, నా ముందు నిలబడి నా చేతులకేసి చూశాడు. చప్పట్లు కొడతానని.

కొట్టలేకపోయాను తమ్ముడూ. చేతులు లేవలేదు. వాడు చాలాసేపు అట్లాగే చూశాడు. సరిగ్గా చేయలేదేమో అనుకుని, మళ్ళీ చెప్పాడు, "అప్ప అని చెప్పలే" అని.

ఆ మాట వాడికి నేర్పింది నేను. తలుపుకు గొళ్ళెం కొట్టింది మీ బావ, వాడి నోటికి కొట్టింది నేను. నాకు ఇక ఈ బతుకు వద్దు.

ఈ రోజు వాడిని చీకట్లో పంపలేదు. తెల్లారాక వస్తాడని హఫీజుద్దీన్‌కు కబురు చేశాను. గొళ్ళెం ఊడబీకించాను, తలుపు చెక్క కాస్త చీలింది. వాడు తయారై, సుమంగళ పంపిన ఎప్రాన్ కట్టుకుని, డబ్బా చంకన పెట్టుకుని వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. అలవాటు కదా. ముందు తలుపు నుంచి పోదామంటే నమ్మడం లేదు.

బయట అరుగు మీద మీ బావ ఉన్నారు. సేటు ఉన్నాడు, హమాలీలు ఉన్నారు, లారీ ఇంకా నిలబడే ఉంది. ఏమవుతుందో నాకు తెలియదు. మమ్మల్ని ఇంట్లోకి రానిస్తారో లేదో కూడా తెలియదు. వాడికి కొత్త మాట నేర్పుతున్నాను. అరుగు దగ్గర ఆగి, చేతులు జోడించి, "అప్పా, పనికి పోతున్న" అనాలి. పొద్దున్నుంచి చెప్పిస్తున్నాను. "అప్పా" అనగానే రెండు చేతులతో నోరు మూసుకుంటున్నాడు.

ఇంకోసారి చెప్పించి బయలుదేరుతాం.

మీ అక్క,
గిరిజ